నాలుగో గేరు

1961 డిసెంబరు 10, ఆదివారం ఉదయం ఆరున్నరకు కంభం చెరువు కట్ట కింద చెంచయ్య బండిని తన్నాడు. స్టార్ట్ కాలేదు. రెండోసారి తన్నాడు. దగ్గి ఊరుకుంది. మూడోసారి తన్నబోతూ ఆగి, పెట్రోలు ట్యాంకు మీద అరచెయ్యి వేసి, "ఏందమ్మా, పొద్దున్నే" అన్నాడు. ఆ తర్వాత తన్నితే అందుకుంది.

వల దులుపుతున్న కాశయ్య నవ్వాడు. "పెండ్లాంతో గూడా ఇంత మెత్తగా మాట్లాడవు గదన్నా!"

"అది తన్నకుండానే మొదలవుతాది లేరా" అన్నాడు చెంచయ్య.

బండి వెనక చక్రానికి రెండు పక్కలా వెదురు గంపలు. గంపల్లో తడి గోనెపట్టాల మధ్య చేపలు. అడుగున బొచ్చెలు, పైన కొర్రమీనులు. కొర్రమీను నీళ్ళు లేకపోయినా చాలాసేపు బతుకుతుంది కాబట్టి పైన పెడతారు. మార్కాపురం బజారులో గోనె విప్పగానే అది తోక కొట్టాలి. కొడితే బేరం సగం అయిపోయినట్టే.

చెంచయ్యకు నలభై ఆరేళ్ళు. పొట్టి మనిషి. ఖాకీ నిక్కరు, చేతుల బనియను, తలకు తువ్వాలు. కుడి మోకాలు పూర్తిగా వంగదు. ఎడమ పిక్క మీద పొగగొట్టం కాల్చిన మచ్చ ఉంది. కనుబొమ్మల్లో దారి దుమ్ము ఎప్పుడూ ఉంటుంది. స్నానం చేసిన గంటకే మళ్ళీ చేరుతుంది.

బండి ఇటలీది. ఆ సంగతి అందరికీ తెలుసు. అంతకు మించి ఎవరికీ తెలియదు. ట్యాంకు మీద రాసిన పేరు ఎప్పుడో అరిగిపోయింది. ఇంజను తక్కిన మోటార్ సైకిళ్ళలాగా నిలబడి ఉండదు, ముందుకు పడుకుని ఉంటుంది. దాని పక్కన, బయటికే, పళ్ళెమంత ఇనుప చక్రం తిరుగుతూ ఉంటుంది. ఆ చక్రాన్ని చూసి దారిపొడుగునా ఆడవాళ్ళు దానికి తిరగలి బండి అని పేరు పెట్టారు.

చెంచయ్య నాయన అంకయ్య ఈ చెరువులోనే వల విసిరి బతికాడు. తాత కూడా అంతే. చెంచయ్యకు మాత్రం తెప్ప ఎక్కితే కళ్ళు తిరిగేవి. పన్నెండో ఏట మొదటిసారి నడి చెరువులో వాంతి చేసుకున్నాడు. పదిహేనో ఏట కూడా చేసుకుంటుంటే అంకయ్య వల కిందపెట్టి, "కుమ్మరోనికి మన్ను పడకపోతే ఏం జేస్తాంరా" అన్నాడు. అందులో కోపం లేదు. నిజంగానే అడిగాడు. చెంచయ్య మార్కాపురం పోయి పలకల ఫ్యాక్టరీలో రాయి కోశాడు. అక్కడ దగ్గు పట్టుకుంటే మానుకుని, రోడ్డు కాంట్రాక్టరు కొండలరావు దగ్గర కూలీగా చేరాడు. ఈ బండి కొండలరావుదే. దాన్ని తన్ని లేపడం ఆ శిబిరంలో చెంచయ్య ఒక్కడికే పట్టుబడింది. వేసవిలో ఆ బయటి చక్రానికి బెల్టు తగిలించి వాగులోంచి నీళ్ళు తోడించేవాళ్ళు. 1955లో రోడ్డు పని అయిపోయింది. సామాన్లు ఎత్తిన లారీలో చోటు చాల్లేదు. "నీకే లేస్తాది, నువ్వే ఉంచుకో" అని చెప్పి కొండలరావు వెళ్ళిపోయాడు.

ఆ విధంగా తెప్ప ఎక్కలేని బెస్తవాడు చెరువు చేపను ఇరవై మైళ్ళ అవతలికి ప్రాణంతో చేర్చేవాడయ్యాడు. అంతకుముందు కంభం చేప మార్కాపురం చేరేసరికి మధ్యాహ్నం అయ్యేది. కొనేవాళ్ళు ముక్కు మూసుకుని బేరమాడేవాళ్ళు. ఇప్పుడు చెంచయ్య వచ్చేదాకా వలవాళ్ళు తూకం మొదలుపెట్టరు. అంకయ్య చనిపోయే ముందు సంవత్సరం కట్ట మీద కూర్చుని, బండి కనపడకుండా పోయేదాకా చూసేవాడు.

మార్కాపురం బజారులో సామ్రాజ్యం తక్కెడ పట్టుకుని నిలబడి ఉంది. చెంచయ్య భార్య. అతనికన్నా జానెడు పొడుగు. గొంతు అంతకన్నా పొడుగు.

"ఎండ నడినెత్తికి వచ్చినాక తెస్తివి! ఎండుచేపలమ్ముకోమంటావా?"

అప్పుడు ఏడున్నర అయింది. చెంచయ్య గోనె విప్పాడు. కొర్రమీను తోక కొట్టి ఆమె ముఖం మీద నీళ్ళు చిమ్మింది. చుట్టూ నవ్వారు. ఆమె కొంగుతో తుడుచుకుంటూ, "ఇది గూడా నీ పార్టీనే" అంది.

చేపలు దించి చెంచయ్య రోజూ పోయినట్టే గఫార్ దుకాణానికి పోయాడు.

పలకల ఫ్యాక్టరీ గోడకు ఆనించి వేసిన రేకుల షెడ్డు అది. ఫ్యాక్టరీ దుమ్ము పడి లోపల స్పానర్లు, టైర్లు, టీ గ్లాసులు, గఫార్ గడ్డం అన్నీ ఒకే రంగులో ఉంటాయి. అబ్దుల్ గఫార్ లారీ మెకానిక్. ఇటలీ బండిని ఆరేళ్ళుగా బతికిస్తున్నది అతనే. లారీ స్ప్రింగు తీగను వంచి వాల్వుకు పెట్టాడు. చప్పుడుకు గొర్రెలు చెదిరిపోతున్నాయని కాపర్లు గొడవ చేస్తే, పొగగొట్టం చివర కిరసనాయిలు డబ్బా బిగించాడు. హ్యాండిలు కిందికి వంగి ఉంటే అది సొట్టపడిందనుకుని తిరగేసి పైకి పెట్టాడు.

ఆ రోజు షెడ్డు ముందు ఇంకో మోటార్ సైకిల్ ఉంది. బుల్లెట్. మద్రాసు నంబరు. పక్కన స్టూలు మీద ఒకాయన కూర్చుని టీ తాగుతున్నాడు. ఇటలీ బండి చప్పుడు సందు మలుపులో వినపడగానే గ్లాసు కింద పెట్టాడు. బండి కనపడగానే లేచి నిలబడ్డాడు.

"మద్రాసు నుంచి వచ్చినారు" అన్నాడు గఫార్. "వరదరాజులు గారు. పెరంబూరు రైలు వర్క్‌షాపంట. నీ బండి కోసమే వచ్చినారంట."

"కేసా?" అన్నాడు చెంచయ్య.

"కేసు కాదన్నా" అన్నాడు వరదరాజులు. "మీరు దిగండి. నేను చూస్తాను. అంతే."

ఆయన చూడటానికి పావుగంట పట్టింది. చుట్టూ తిరిగాడు, వంగి కింద చూశాడు, ఇంజను మీద మసి తుడిచి వాసన చూశాడు. ఆ తర్వాత మళ్ళీ స్టూలు మీద కూర్చుని తాను వచ్చిన దారి చెప్పాడు. యుద్ధానికి ముందు ఇటలీలో దీన్ని పందేలకు చేశారు. ఎవరు నడిపారో తెలియలేదు. యుద్ధంలో ఆఫ్రికాలో దొరికిందని ఒకరు, ఓడలో వచ్చిన ఒక ఆఫీసరుదని ఒకరు చెప్పారు. రెండూ రూఢి కాలేదు. మద్రాసులో మిలిటరీ సామాన్ల వేలంలో సైదాపేట మనిషి ఒకడు కొన్నాడు. అది రూఢి. 1952లో షోళవరం విమానాల మైదానంలో పందెం పెడితే అతను నడిపాడు. వరదరాజులు చూశాడు.

"చూడటం కాదు, విన్నాను. తొమ్మిదేళ్ళయింది. అలాంటి గొంతు మళ్ళీ వినలేదు. సైదాపేట వాడు గూడూరు అభ్రకం వ్యాపారి కొడుక్కి అమ్మాడు. అతను నెల్లూరులో రోడ్డు కాంట్రాక్టరుకు ఇచ్చాడు. కాంట్రాక్టరు ఎటు పోయాడో తెలియక రెండేళ్ళు ఆగిపోయాను. పోయిన నెల కనిగిరి బస్టాండులో ఒక ముసలమ్మ చెప్పింది, తిరగలి తిప్పుకుంటా చేపలు మోసే బండి ఉందని."

"చూడు, మద్రాసు దాకా పోయింది నీ పేరు" అన్నాడు గఫార్.

"నా పేరేడ పోయింది? తిరగలి పేరు పోయింది" అన్నాడు చెంచయ్య.

వరదరాజులు బ్రేకు కాడను వేలితో తడుముతున్నాడు. "ఒక్కటే అనుమానం. ఆ బండికి ఇక్కడ చిల్లులుండాలి. వరసగా. ఎండలో నిలబెడితే వాటిలోంచి వెలుతురు నేల మీద పడేది."

"ఉన్నాయి సార్!" అన్నాడు గఫార్ ఉత్సాహంగా. "నేనే పూడ్చినా. బ్రేకు కాడ, గేరు కాడ, పళ్ళచక్రం, ఏది చూసినా జల్లెడే. ఇటలీవాళ్ళు ఇంత పిసినారోళ్ళా, ఇనుము గూడా మిగిలిచ్చుకున్నారే అనుకుని, సీసం కాంచి పోసి ఆకురాయితో నున్నగా తోమినా."

"ఎన్ని పూడ్చారు?"

"ఒక్కటి వదల్లేదు సార్."

వరదరాజులు స్టూలు మీంచి జారి నేల మీద కూర్చున్నాడు. కొంతసేపు ఆయన నవ్వుతున్నదీ ఏడుస్తున్నదీ తెలియలేదు. "అన్నా, బరువు తగ్గాలని తొలిచారు. ఒక్కొక్క చిల్లుకు చిటికెడు ఇనుము పోతుంది. పందెంలో ఆ చిటికెళ్ళన్నీ లెక్కే."

గఫార్ గడ్డం పట్టుకున్నాడు. "యా అల్లా. మరి చెప్పేటోడు ఉండాల గదా!"

"వాళ్ళు బరువు తీసినారు. నువ్వు సీసం పోసినావు. నేను చేపలు కట్టినా" అన్నాడు చెంచయ్య. "పాపం, దానికి నోరు లేదు."

ముగ్గురూ నవ్వారు. వరదరాజులు మేకు తీసుకుని సీసం గీకాడు. కింద గుండ్రటి అంచు బయటపడింది. "ఇదే" అన్నాడు.

ఆ తర్వాత ఆయన అడగవలసింది అడిగాడు. తన బుల్లెట్ ఇస్తానన్నాడు. కొని రెండేళ్ళయింది. మొదటి తన్నుకే లేస్తుంది. సామాన్లు మద్రాసులో దొరుకుతాయి. గంపలు కట్టుకోవచ్చు. ఇటలీ బండిని మాత్రం తనకు ఇవ్వాలి. తుడిచి, బాగుచేసి, మళ్ళీ షోళవరంలో పరిగెత్తిస్తాడు.

"ఇయ్యను" అన్నాడు చెంచయ్య.

"ఆలోచించు భాయ్" అన్నాడు గఫార్. "వాల్వు స్ప్రింగు ఇంకో యేడు వస్తాదో రాదో. అది పోతే మళ్ళ పలకలు కోయాల నువ్వు."

"కోస్తా. నీళ్ళ మీద నిలబడలేనోణ్ణి రోడ్డు మీద నిలబెట్టింది ఇది. మా నాయన చూసి పోయినాడు. ఇయ్యను."

వరదరాజులు బలవంతపెట్టలేదు. "సరే అన్నా. ఒకసారి గొంతు వినిపించండి, వెళ్ళిపోతాను. ఆ డబ్బా తీసేసి, నాలుగో గేరులో ఒక్కసారి."

చెంచయ్య తలవంచుకున్నాడు. "నాలుగో గేరు లేదు సార్. నా వల్లనే పోయింది. వచ్చిన కొత్తలో తర్లుపాడు ఇవతల వాగు కాడ పడినా. మోకాలు ఇట్ల అయింది, గేరు పన్ను విరిగింది. ఆ పన్ను ఈ దేశంలో దొరకదంట. గఫారన్న చెప్పినాడు."

వరదరాజులు గఫార్ వైపు చూశాడు. "ఏ పన్ను?"

"నాలుగోది సార్."

"అంటే ఏది? విప్పి చూద్దాం. నాది గేర్ల పనే."

"ఇప్పుడెందుకు సార్. ఆదివారం. ఇంకో టీ చెప్తా. బిస్కెట్ తింటారా?"

"నూనె మార్చినట్టూ ఉంటుంది."

"నూనె మొన్ననే మార్చినా సార్. మంచి నూనె."

"మొన్ననా?" అన్నాడు చెంచయ్య. "దసరాకు మార్చినావు గదా."

వరదరాజులు అప్పటికే గేరుపెట్టె పక్కన కూర్చుని మరలు తిప్పుతున్నాడు. గఫార్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. నూనె పళ్ళెంలోకి కారింది. మూత వచ్చింది. వరదరాజులు గుడ్డతో లోపల తుడిచి, వేలు పెట్టి, నాలుగు చక్రాలనూ తిప్పాడు. పన్ను ఏదీ విరగలేదు. గేరు మార్చే పలక నాలుగో గాడిలో బొటనవేలంత రాగి ముక్క దిగగొట్టి ఉంది.

"ఇది ఎవరు పెట్టారు?"

గఫార్ ఖాళీ టీ గ్లాసు తీసి కడగడం మొదలుపెట్టాడు.

అప్పుడే సామ్రాజ్యం ఖాళీ గంపలు, అన్నం గిన్నె పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. విప్పిన గేరుపెట్టె చూసింది. గఫార్ ముఖం చూసింది. గిన్నె కింద పెట్టింది.

"నేనే పెట్టించినా" అంది. "ఆయన్నేం అనొద్దు. అంకాలమ్మ మీద నేను, పీరు మీద ఆయన, ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం."

చెంచయ్యకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "అంటే నేను ఇరగ్గొట్టలా?"

"నువ్వేం ఇరగ్గొడతావు? ఇరిగింది నీ మోకాలు. మంచంలో మూలుగుతా గూడా, మూడులోనే ఇట్ల పోయిందే, నాలుగులో ఇంకెట్ల పోతాదో అంటివి. నేను లేచి నేరుగా ఈ అన్న కాడికి వచ్చినా. నాలుగోది తీసెయ్యి, లేదంటే బండినే బాయిలో తోస్తా అన్నా."

"తోసేదే చెంచయ్యా, నిజంగా తోసేదే" అన్నాడు గఫార్. "నేను బండి ప్రాణం కాపాడినా."

"ఆరేండ్లు!" అన్నాడు చెంచయ్య. "ఆరేండ్లు దాని పన్ను ఇరగ్గొట్టినానని, పొద్దున లేస్తే దాన్ని బతిమాలుకుంటాండా! ఇద్దరూ కలిసి..."

"కలిసే. ఏం, కాళ్ళూ చేతులూ ఉన్నాయా లేవా?" అంది సామ్రాజ్యం.

చెంచయ్య కాళ్ళు చూసుకున్నాడు. ఆ తర్వాత నవ్వాడు. ముందు అతని భుజాలు కదిలాయి, ఆ తర్వాత చప్పుడు వచ్చింది. ఫ్యాక్టరీలో ఆదివారం కాపలా ఉన్న మనిషి గోడ మీంచి తల పెట్టి ఏమైందని అడిగాడు.

"పన్ను ఇరగలేదంట!" అని అరిచాడు చెంచయ్య.

"ఎవరి పన్ను?"



వరదరాజులు రాగి ముక్క ఊడదీశాడు. గఫార్ కిరసనాయిలు డబ్బా విప్పాడు. కొత్త నూనె పోశారు. చెంచయ్య గంపల కొక్కేలు తీసి బండి ఎక్కాడు. సామ్రాజ్యం చీర కచ్చ పోసి, వెనక గంపలు కట్టే పలక మీద అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చుంది.

"నువ్వెందుకే?"

"పడితే ఇద్దరం పడదాం. నిన్ను మళ్ళ ఒంటరిగా మోసుకొచ్చే ఓపిక లేదు నాకు."

మధ్యాహ్నం ఒంటిగంటకు స్టేషను రోడ్డు ఖాళీగా ఉంది. ఊరు దాటాక రెండు మైళ్ళు వంపు లేదు. వరదరాజులు, గఫార్ బుల్లెట్ మీద వచ్చి చివరి ఇళ్ళ దగ్గర ఆగారు. చెంచయ్య మొదటి గేరు వేశాడు, రెండోది వేశాడు, మూడోది వేశాడు. రోజూ బండి ఎక్కడ అరుస్తుందో అక్కడికి వచ్చి అరిచింది. ఆరేళ్ళుగా అతను అక్కడ చెయ్యి సడలించేవాడు. ఇప్పుడు సడలించలేదు. కాలు ఎత్తి గేరు కాడ మీద వేశాడు.

అరుపు తగ్గింది. ఆ తర్వాత కింది నుంచి ఇంకొక గొంతు లేచింది. అది చెంచయ్య ఎప్పుడూ విననిది. అరుపు కాదు, దగ్గు కాదు, ఒకే పట్టున సాగే మోత. రోడ్డు పక్క తుమ్మచెట్లు విడివిడిగా కనపడటం మానేశాయి. మైలురాయి వచ్చింది, పోయింది. ఒక గొర్రెల కాపరి గొంగడి పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాడు. అతని గొర్రెలు చెదరలేదు, అవీ నిలబడి చూశాయి. చెంచయ్య తల తువ్వాలు ఊడిపోయింది. వెనక సామ్రాజ్యం "ఏమయ్యో, ఏమయ్యో" అని రెండుసార్లు అంది. మూడోసారి అనలేదు. అతని నడుము చుట్టూ ఉన్న చేతులు బిగిశాయి. వీపు మీద ఆమె నవ్వు అతనికి తగిలింది.

రైలు గేటు దగ్గర ఆపారు. ఇద్దరి కళ్ళలోంచీ నీళ్ళు కారుతున్నాయి. గాలికి. గేటు మనిషి దగ్గరికి వచ్చి ఎవరైనా పోయారా అని అడిగాడు.

"ఎవరూ పోలేదు నాయనా. మేం వచ్చినాం, అంతే" అంది సామ్రాజ్యం. జుట్టు ముడి వేసుకుంది. ఆ తర్వాత చెంచయ్య భుజం మీద తట్టి, "ఇంగోసారి పోదాం" అంది.

ఇంకోసారి పోయారు. ఆ తర్వాత తిరిగి వచ్చి వరదరాజులు ముందు ఆగారు. చెంచయ్య ఇంజను ఆపాడు. బయటి చక్రం కొంతసేపు తిరిగి ఆగింది. వరదరాజులు మళ్ళీ బండిని అడగలేదు. ఆయన కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి, ఆయనకు గాలి తగల్లేదు.

చెంచయ్య దిగి, ట్యాంకు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"తీసుకపోండి సార్" అన్నాడు.

సామ్రాజ్యం అతని ముఖంలోకి చూసింది. "నిజంగానే అంటాండావా? మళ్ళ నన్ను తిట్టకూడదు."

"పందెపు గిత్తను గానుగకు కట్టినానే ఇన్నాళ్ళు. తెలీక కట్టినా. తెలిసి కట్టలేను." ఆ తర్వాత వరదరాజులుతో అన్నాడు, "పొద్దున చలికి లేవదు సార్. మూడోసారి తన్నే ముందర ఒక మాట చెప్పాల. తిట్టొద్దు."

"ఏం చెప్పాలి?"

చెంచయ్య సిగ్గుపడ్డాడు. "ఏదో ఒకటి. మెత్తగా."

సోమవారం ఉదయం చెంచయ్య కంభం చెరువు నుంచి బుల్లెట్ మీద చేపలు తెచ్చాడు. అది ఒక్క తన్నుకే అందుకుంది. కాశయ్య తన వల వదిలి వచ్చి కొత్త బండిని చూసి, బాగుందన్నాడు. కొర్రమీనులు ఎప్పటికన్నా ముందే బజారు చేరాయి. సామ్రాజ్యం ఆ రోజు తిట్టడానికి ఏమీ దొరక్క తక్కెడను తిట్టింది.

సాయంత్రం నలుగురూ స్టేషనుకు పోయారు. గఫార్ పొద్దుటినుంచి కూర్చుని బ్రేకు కాడలోనూ గేరు కాడలోనూ సీసం కరిగించి తీసేశాడు. తక్కినవి మద్రాసులో తీస్తానని వరదరాజులు చెప్పాడు. హ్యాండిలు మళ్ళీ కిందికి వంచారు. పెట్రోలు ఖాళీ చేసి, గోనెపట్టాలు చుట్టి, పురికొస కట్టి, పార్సిలు గుమస్తా ముందు బండిని ప్లాట్‌ఫారం మీద నిలబెట్టారు. గుమస్తా సరుకు ఏమిటని అడిగాడు. వరదరాజులు చెప్పబోతుంటే సామ్రాజ్యం, "తిరగలి" అంది. గుమస్తా కూడా నవ్వాడు.

చెంచయ్యను వరదరాజులు ఫిబ్రవరిలో షోళవరానికి రమ్మన్నాడు. ఇద్దరినీ రమ్మన్నాడు. "చేపలెవరు తెస్తారు?" అన్నాడు చెంచయ్య. "చేపలు ఒకరోజు చెరువులో ఉంటాయి, ఏం మునిగిపోవులే" అంది సామ్రాజ్యం.

గుంటూరు పాసింజరు కూత వినపడింది. సామ్రాజ్యం కొంగు ముడి విప్పి నిమ్మకాయ తీసింది. పసుపు, కుంకుమ అద్ది, బండి ముందు చక్రం కింద పెట్టింది. బండి కదిలేటప్పుడు చక్రం దాన్ని తొక్కి పోవాలి. అప్పుడే దిష్టి పోతుంది. గఫార్ తన వంతుగా అరచేతులు పట్టి పెదవులు కదిపి, ముఖం తుడుచుకున్నాడు.

రైలు ఆగింది. గార్డు పెట్టెలో తలుపు తీసి తొందరపెట్టాడు. ఇద్దరు కూలీలు వచ్చి ముందు వైపు ఒకడు, వెనక వైపు ఒకడు పట్టుకున్నారు. తోయలేదు. ఎత్తారు. చెంచయ్య కూడా ఒక చెయ్యి వేశాడు. బండి నేల మీంచి లేచి పెట్టెలోకి పోయింది. తలుపు వేశారు. వరదరాజులు ముందు పెట్టెలోకి పరిగెత్తి ఎక్కాడు.

రైలు ఐదూ పదికి కదిలింది. చివరి పెట్టె సిగ్నలు దాటేదాకా ముగ్గురూ నిలబడ్డారు. ఆ తర్వాత చెంచయ్య బుల్లెట్ స్టార్ట్ చేశాడు, సామ్రాజ్యం వెనక కూర్చుంది, గఫార్ ఆమె వెనక ఇరుక్కున్నాడు. రోడ్డు మీద వాళ్ళు నాలుగో గేరులో పోయిన చప్పుడు స్టేషనులో వినపడింది.

ప్లాట్‌ఫారం మీద, చక్రం ఆనిన చోట, నిమ్మకాయ నలగకుండా ఉంది.